హైదరాబాద్‌లో ఇంజినీరింగ్ ఫస్టియర్: ఎలా మొదలుపెట్టాలి?

ఇంటర్‌లో పొద్దున్నే లేపి స్టడీ అవర్‌లో కూర్చోబెట్టేవాళ్లు, మార్కులు తగ్గితే ఇంటికి ఫోన్ చేసేవాళ్లు ఉంటారు. బీటెక్‌లో ఆ పని ఎవరూ చేయరు. ఎంసెట్‌లో (ఇప్పుడు ఈఏపీసెట్) మంచి ర్యాంకు తెచ్చుకున్న పిల్లలు కూడా ఫస్టియర్‌లో తడబడేది ఇక్కడే. అందుకే ఎవరూ చెప్పకుండానే చదువుకునే అలవాటు మొదటి నెలలోనే పడాలి.

1. ముందు కాగితాలు

టీసీ, ఇంటర్ మెమో, కుల, ఆదాయ సర్టిఫికెట్లు, సీటు అలాట్‌మెంట్ ఆర్డర్ కాలేజీలో ఇచ్చేముందే రెండు మూడు సెట్లు జిరాక్స్ తీసుకోండి, ఫోన్లో స్కాన్ చేసి పెట్టుకోండి. ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు అర్హత ఉంటే ప్రభుత్వ స్కాలర్‌షిప్ వెబ్‌సైట్ ఈపాస్‌లో దరఖాస్తు పెట్టాలి. దాన్ని ఏటా రెన్యువల్ చేయించుకోవాలి.

2. కాలేజీ దగ్గరే ఉండండి

గండిపేట, బాచుపల్లి, ఘట్‌కేసర్, ఇబ్రహీంపట్నం... ఇక్కడి కాలేజీలు చాలావరకు ఊరి చివరే. మెట్రో మియాపూర్, ఎల్బీనగర్, నాగోల్, రాయదుర్గం దాకానే వెళ్తుంది. ఊరి స్నేహితులున్నారని అమీర్‌పేటలో హాస్టల్ తీసుకుంటే రోజూ గంటల తరబడి బస్సుల్లోనే గడిచిపోతుంది. సాయంత్రం వచ్చి పుస్తకం పట్టే ఓపిక ఉండదు.

3. నిబంధనలు చదవండి

జేఎన్‌టీయూహెచ్ (హైదరాబాద్ జవహర్‌లాల్ నెహ్రూ టెక్నలాజికల్ యూనివర్సిటీ) అనుబంధ కాలేజీల్లో అన్ని సబ్జెక్టులూ కలిపి 75 శాతం హాజరు ఉండాలి. 65 నుంచి 75 మధ్య ఉంటే ఆరోగ్య కారణాలు చూపించి, ఫీజు కట్టి కండొనేషన్ (తగ్గిన హాజరుకు మినహాయింపు) అడగొచ్చు. 65 కన్నా తగ్గితే డిటెన్షనే, ఆ సెమిస్టర్ మళ్లీ చదవాలి. 2022-23లో చేరినవాళ్ల నుంచి జేఎన్‌టీయూహెచ్ అమలుచేసిన ఆర్22 నిబంధనల్లో 100 మార్కుల్లో 40 ఇంటర్నల్, 60 ఎక్స్‌టర్నల్. సిలబస్, పరీక్షలు సొంతంగా పెట్టుకునే అటానమస్ కాలేజీల లెక్క వేరుగా ఉండొచ్చు, మీ కాలేజీ రెగ్యులేషన్స్ అడిగి తీసుకోండి.

4. చదువు

అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. బిట్లకు షార్ట్‌కట్‌తో జవాబు పట్టుకునే అలవాటు ఇక్కడ పనికిరాదు. ఎం1లో (మొదటి సెమిస్టర్ మ్యాథ్స్) మాట్రిక్స్ ర్యాంకు, ఐగెన్ విలువలు మెట్టు మెట్టుగా రాయాలి; చివరి జవాబు తప్పినా సరైన మెట్లకు మార్కులు దక్కుతాయి. క్లాసులో చేసిన లెక్కను ఆ రాత్రే పుస్తకం మూసి మళ్లీ చేయండి. సెమిస్టర్ ముందు ఆల్ ఇన్ వన్ గైడు కొని గట్టెక్కుదామంటే పాస్ అవుతారేమో గానీ, థర్డ్ ఇయర్‌లో పునాది లేక అవస్థ పడతారు.

సీ లాంగ్వేజ్ విషయంలో చేతులు జోడించి చెబుతున్నాను: ప్రోగ్రాములు బట్టీ పట్టకండి. ఒక చిన్న లూప్ రాసి, ప్రతి చుట్టులో వేరియబుల్ విలువ ఎంతవుతుందో కాగితం మీద వేసి, ఆ తర్వాత రన్ చేయండి. ఎర్రర్ వస్తే పక్కవాళ్ల కోడ్ కాపీ కొట్టకుండా ఆ మెసేజ్ నెమ్మదిగా చదవండి. కంప్యూటర్ సైన్స్ కాని బ్రాంచి వాళ్లకూ ఇది రేపు ఉద్యోగ పరీక్షల్లో అక్కరకొస్తుంది. డ్రాయింగ్ షీట్లు, ల్యాబ్ రికార్డులు మాత్రం ఏ వారానివి ఆ వారం పూర్తిచేస్తే చాలు.

తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లు మొదటి రెండు నెలలు బెంగ పడతారు. పాఠాన్ని ముందు తెలుగులో అర్థం చేసుకుని, తర్వాత ఇంగ్లిష్‌లో నాలుగు వాక్యాలు సొంతంగా రాసి చూడండి. డౌటు అడగడానికి భాష అడ్డు కాకూడదు; చాలామంది లెక్చరర్లు తెలుగులో అడిగినా చెబుతారు. ఐఐటీ ప్రొఫెసర్లు ఆన్‌లైన్‌లో చెప్పే ఎన్‌పీటెల్ పాఠాలు ఉచితం కాబట్టి ఫస్టియర్‌లోనే కోచింగ్‌లకు డబ్బు పోయకండి.

5. ర్యాగింగ్ ఎదురైతే

దాచుకోవద్దు. జాతీయ హెల్ప్‌లైన్ 1800-180-5522కు ఫోన్ చేయొచ్చు, కాలేజీ యాంటీ ర్యాగింగ్ కమిటీకీ చెప్పొచ్చు. 1997 నాటి ర్యాగింగ్ నిషేధ చట్టం ప్రకారం అది నేరం.

6. సబ్జెక్టు పోతే

ఇంట్లో ఆ రోజే చెప్పేయండి. సప్లిమెంటరీ నోటిఫికేషన్ రాగానే ఫీజు కట్టి, పాత పేపర్లు తెచ్చుకుని ఆ సబ్జెక్టుకు రోజూ ఓ గంట కేటాయించండి. మూడు నాలుగు బ్యాక్‌లాగ్‌లు పోగయ్యాక కదిలితే కొత్త సెమిస్టర్ పాఠాలూ దెబ్బతింటాయి.