గోలీ రోలర్ కోస్టర్ మొరాయిస్తోందా? లోపం ఎక్కడో చూద్దాం

ఏసీ పైపులకు తొడిగే నల్లటి ఫోమ్ గొట్టాన్ని నిలువునా చీలిస్తే రెండు ట్రాకులు తయారవుతాయి. లోపలి వ్యాసం ముప్పావు అంగుళం ఉంటే మామూలు గాజు గోలీ హాయిగా దొర్లుతుంది. కోసే పని మాత్రం పెద్దవాళ్లే చేయాలి. ఆ పైన కుర్చీలు, పుస్తకాలు, మాస్కింగ్ టేపు ఉంటే చాలు, స్థితిజ శక్తి (ఎత్తులో ఉన్నందువల్ల ఉండే శక్తి) గతిజ శక్తిగా (కదలిక వల్ల ఉండే శక్తి) మారడాన్ని పిల్లలకు కళ్లారా చూపించొచ్చు.

ఒక్క మాట: గోలీ ఆగిపోయిందని వెంటనే చేత్తో తోసేయకండి. అసలు పాఠం అది ఆగిన చోటే ఉంది. "పైన ఉన్న శక్తి ఏమైంది?" అని ముందు అడగండి, బాగుచేయడం ఆ తర్వాత.

సమస్య: లూప్ పైభాగంలో గోలీ రాలిపోతోంది

అందరికీ ముందుగా ఎదురయ్యేది ఇదే. లూప్ అంటే ట్రాకును నిలువుగా గుండ్రంగా చుట్టిన భాగం. లూప్ ఎంత ఎత్తుంటే అంత ఎత్తు నుంచి వదిలితే సరిపోతుందని పిల్లలు అనుకుంటారు. ఆ లెక్కన లూప్ పైకి చేరేసరికి గోలీకి వేగమే మిగలదు. తలకిందులుగా ఉన్నప్పుడు ట్రాకును అంటిపెట్టుకోవాలంటే అక్కడ కూడా కొంత గతిజ శక్తి ఉండి తీరాలి. దొర్లే గోలీని, లూప్ అడుగు నుంచి కొలిస్తే, వ్యాసార్థానికి కనీసం 2.7 రెట్ల ఎత్తు నుంచి వదలాలి. 20 సెం.మీ. వ్యాసం ఉన్న లూప్‌కు అది 27 సెం.మీ. ఇది నష్టాలేవీ లేవనుకుని వేసిన లెక్క. ఫోమ్ ట్రాకు మీద 40 సెం.మీ. దగ్గర మొదలుపెట్టి కొంచెం కొంచెంగా తగ్గిస్తూ రండి. ఏ ఎత్తు దగ్గర రాలడం మొదలైందో పిల్లలనే రాసుకోమనండి.

ఎత్తు చాలినంత ఉన్నా రాలిపోతోందంటే లూప్ ఊగుతున్నట్టే. గోలీ వెళ్లేటప్పుడు లూప్ బయటి అంచు మీద వేలు ఆనించి చూడండి, చిన్న కుదుపు తెలుస్తుంది. ఆ కుదుపు గోలీ శక్తితోనే వచ్చింది. లూప్ అడుగును నేలకు, పక్కలను కుర్చీ కాళ్లకు టేపుతో బిగించండి.

లూప్‌ను గుండ్రంగా కాకుండా పైన ఇరుకుగా, నీటిబొట్టు ఆకారంలో వంచినా మేలే. పైన వంపు వ్యాసార్థం తగ్గితే అక్కడ కావాల్సిన వేగమూ తగ్గుతుంది. కాలిఫోర్నియాలో 1976లో మొదలైన రివల్యూషన్ కోస్టర్ లూప్‌దీ ఇలాంటి ఆకారమే.

సమస్య: రెండో గుట్ట ఎక్కలేక వెనక్కి వస్తోంది

గుట్ట మొదటి ఎత్తును మించి ఉంటే తగ్గించడం తప్ప మార్గం లేదు. తక్కువే ఉన్నా ఎక్కడం లేదంటే అతుకుల మీద అనుమానపడండి. గోలీని వేలితో మెల్లగా దొర్లిస్తూ ఒక్కో అతుకూ దాటించండి. "టక్" మన్న చోట గోలీ వెళ్లే దిశలో తర్వాతి ముక్క అంచు కాస్త పైకి లేచి ఉంటుంది. అక్కడ అంచులు సమం చేసి, టేపును ట్రాకు అడుగున మాత్రమే అంటించండి. లోపల టేపు మడత ఉన్నా గోలీకి అది స్పీడ్ బ్రేకరే.

సమస్య: గుట్ట మీంచి ఎగిరి బయట పడుతోంది

వేగం ఎక్కువ, శిఖరం మరీ కోసుగా ఉంది. గుట్టను వెడల్పుగా పరచండి.

సమస్య: కొలిచిన వేగం సూత్రంతో కలవడం లేదు

స్థితిజ శక్తి అంతా ముందుకు కదిలే వేగంగానే మారుతుందనుకునే సూత్రం (v = √(2gh)) ప్రకారం, మీటరు ఎత్తు నుంచి దిగితే సెకనుకు 4.43 మీటర్లు రావాలి. ఫోన్‌లో స్లోమోషన్ వీడియో తీసి కొలిస్తే అంత రాదు. నోటు పుస్తకాల్లో అందరూ "ఘర్షణ వల్ల" అని రాసేస్తారు. అది సగం జవాబే. గోలీ జారడం లేదు, దొర్లుతోంది. గతిజ శక్తిలో ఏడింట రెండు వంతులు దాని భ్రమణానికే పోతుంది. అందుకే ఏ నష్టమూ లేకపోయినా వేగం 3.74 దగ్గరే ఆగుతుంది. దానికీ మీరు కొలిచినదానికీ మధ్య మిగిలిన తేడానే ఘర్షణ, ఊగడం వగైరాల ఖాతాలో వేయాలి.

సమస్య: ఉక్కు గోలీ వేసినా తేడా లేదంటున్నారు

బరువైనది వేగంగా వస్తుందని ఎదురుచూసి ఉంటారు. వేగం లెక్కలో ద్రవ్యరాశి కొట్టేసుకుపోతుంది, కానీ శక్తి లెక్కలో ఉంటుంది. 16 మి.మీ. గాజు గోలీ సుమారు 5 గ్రాములు, అదే సైజు ఉక్కుది దాదాపు 17. ట్రాకు చివర పేపర్ కప్పును బోర్లించి, అంచున చిన్న గుమ్మం కోసి, రెండు గోలీలనూ విడివిడిగా పంపండి. ఉక్కుది కప్పును చాలా దూరం నెడుతుంది. ప్రతిసారీ గోలీకి అడ్డంగా స్కేలు పెట్టి, దాన్ని పైకి తీసి వదలండి. చేత్తో వదిలితే తెలియకుండానే తోసేస్తాం, అప్పుడు కప్పు జరిగిన దూరాలను పోల్చలేం.