దంత పరిశోధన పత్రాలు చదవడం ఎలా? – 6వ పాఠం: పళ్ళ లెక్క, మనుషుల లెక్క

ఈసారి కాలిబ్రేషన్ (పరీక్షించే డాక్టర్లందరూ ఒకేలా కొలిచేలా చూడ్డం), కప్పా విలువ (వాళ్ళ కొలతలు ఎంత కలిశాయో చెప్పే అంకె) గురించి చెప్పుకోవాలి. అది వాయిదా వేస్తున్నాను. పోయిన పాఠం చివర ఇచ్చిన లెక్కకు వచ్చిన జవాబులు చూశాక ముందుకెళ్ళడం కుదరదనిపించింది.

లెక్క గుర్తుందిగా? పళ్ళు జివ్వుమంటున్నాయని వచ్చిన 30 మందిలో 15 మందికి కొత్త పేస్టు, 15 మందికి మామూలు పేస్టు ఇచ్చాం. ఎవరికి ఏదన్నది చీటీలు తీసి తేల్చాం. ఒక్కొక్కరి నోట్లో జివ్వుమనే పళ్ళు 8, మొత్తం 240. శాంపిల్ సైజ్ (లెక్కలోకి వచ్చే విడివిడి నమూనాల సంఖ్య) ఎంత అంటే ఎక్కువమంది 240 అని రాశారు. ఒకరైతే దాని కింద రెండు గీతలు కూడా గీశారు. జవాబు 30.

240 రాసినవాళ్ళలో ఒకరు నాతో గట్టిగానే వాదించారు. "పేస్టు పనిచేసింది పన్ను మీద. గాలి ఊది చూసింది పన్నుని. స్కోరు వేసింది పన్నుకి. మధ్యలో మనిషి ఎందుకొచ్చాడు సార్?" తప్పు జవాబుకు ఇంతకంటే మంచి వాదన దొరకదు కాబట్టి దీన్నే పట్టుకుందాం.

మనిషి ఎందుకొచ్చాడంటే, ఆ ఎనిమిది పళ్ళకూ లాలాజలం ఒకటే, బ్రష్ పట్టే చెయ్యి ఒకటే. రాత్రి పడుకునే ముందు తోముకునే అలవాటు ఉన్నా లేకపోయినా ఎనిమిదింటికీ ఒకటే. నొప్పి ఓర్చుకునే గుణమూ అంతే. గాలి తగలగానే కుర్చీలోంచి లేచిపోయే మనిషి ఎనిమిది పళ్ళకూ లేచిపోతాడు. మొదటి పన్ను స్కోరు తెలిస్తే మిగతా ఏడింటి స్కోరు చాలావరకు ఊహించవచ్చు. అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి ఒక్క మెతుకు చాలంటారు కదా, ఒకే కుండలోంచి ఎనిమిది మెతుకులు పట్టి చూసి ఎనిమిది కుండలు పరీక్షించానంటే ఎవరూ ఒప్పుకోరు.

దీనికి సూత్రం ఉంది. ఒకే నోట్లోని పళ్ళు ఒకదానితో ఒకటి ఎంత పోలి ఉన్నాయో చెప్పే కొలత ఇంట్రాక్లాస్ కోరిలేషన్, పొట్టిగా ఐసీసీ (క్రికెట్ వాళ్ళది కాదు). పోలికే లేకపోతే 0, అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉంటే 1. ఒక్కో నోట్లోని పళ్ళ సంఖ్యలోంచి 1 తీసేసి, ఐసీసీతో గుణించి, వచ్చినదానికి 1 కలపండి. అది డిజైన్ ఎఫెక్ట్. మొత్తం పళ్ళను దాంతో భాగిస్తే, అవి ఒకదానితో ఒకటి సంబంధం లేని ఎన్ని పళ్ళతో సమానమో తేలుతుంది.

మన లెక్కలో ఐసీసీ 0.5 అనుకుందాం. 7 × 0.5 = 3.5, ఒకటి కలిపితే 4.5. 240ని 4.5తో భాగిస్తే 53. ఐసీసీ 0.3 అయితే 77. ఐసీసీ 1 అయితే సరిగ్గా 30, అంటే పళ్ళు చూడ్డం మానేసి మనుషుల్ని లెక్కపెట్టినట్టే. మళ్ళీ 240 రావాలంటే ఐసీసీ సున్నా కావాలి. ఒకే నోట్లో పళ్ళకు ఒకదానితో ఒకటి సంబంధమే ఉండకూడదన్నమాట. కుర్చీ పక్కన నిలబడి వైద్యం చేసిన ఎవరైనా ఈ మాట నమ్ముతారా?

చిగుళ్ళ విభాగంలో ఈ రోగం మరీ ముదిరింది. ఒక్కో పన్ను చుట్టూ 6 చోట్ల ప్రోబ్ (చిగురు లోతు కొలిచే గీతల పుల్ల) పెడతారు. 28 పళ్ళుంటే ఒక్క మనిషిలోనే 168 సైట్లు. 20 మందిని తీసుకుంటే 3,360. అంత పెద్ద సంఖ్య కంప్యూటర్‌కి అందిస్తే 0.2 మిల్లీమీటర్ల తేడాకి కూడా పీ విలువ (నిజంగా తేడా లేకపోయినా ఇంత తేడా యాదృచ్ఛికంగా కనిపించే అవకాశం) పాతాళానికి పడిపోతుంది. చేతిలో ఉన్న విలియమ్స్ ప్రోబ్ మీద 4, 6 మిల్లీమీటర్ల గీతలే లేవు, పత్రంలో మాత్రం 0.2 తేడా "అత్యంత ప్రాముఖ్యం" అవుతుంది. సగటు తీస్తే దశాంశాలు వస్తాయని నాకూ తెలుసు. ఆ 0.2తో పేషెంటుకి ఏం ఒరిగిందన్నదే నా ప్రశ్న.

ఇంప్లాంట్ల సంగతీ చూడండి. 20 మందికి 100 ఇంప్లాంట్లు పెట్టారనుకుందాం, 8 ఊడిపోయాయి. నిలిచినవి 92 శాతం, పత్రం సారాంశంలో ఇదే ఉంటుంది. ఆ 8లో 6 ఒకే పొగరాయుడి నోట్లోవి, మిగతా రెండూ ఇద్దరివి. అంటే ఒక్క ఇంప్లాంటూ పోనివాళ్ళు 20 మందిలో 17 మంది, 85 శాతం. రెండు అంకెలూ నిజమే. కానీ పేషెంటు అడిగేది "నాకు ఏమవుతుంది డాక్టరుగారూ?" అని. దానికి జవాబు రెండో అంకెలో ఉంది.

సరే, నోరే లెక్క అని ఒప్పుకున్నాక కొందరు రెండో గుంటలో పడ్డారు. "అయితే పళ్ళ పోలిక ఎప్పుడూ నష్టమే కదా" అని. కాదు. ఒకే నోట్లో ఒకవైపు కొత్త వైద్యం, రెండోవైపు పాతది చేస్తే అది స్ప్లిట్ మౌత్. ఇక్కడ అదే పోలిక మనకు లాభం. లాలాజలం, బ్రష్, తిండి రెండువైపులా ఒకటే కాబట్టి మిగిలే తేడా వైద్యానిదే. తక్కువ మందితోనే పని జరుగుతుంది. కాకపోతే విశ్లేషణలో కుడి ఎడమల్ని జతగా కట్టాలి. అవునా కాదా అనే ఫలితమైతే మెక్‌నీమర్ పరీక్ష. రెండువైపులా నిలిచిన జతలు, రెండువైపులా పాడైన జతలు ఆ పరీక్షలో పక్కకు పోతాయి. ఒకవైపు నిలిచి రెండోవైపు పాడైనవే తీర్పు చెబుతాయి. జతలు విడదీసి, విడివిడి గుంపుల్ని పోల్చే మామూలు కై స్క్వేర్ పరీక్ష వేస్తే, చేతిలో ఉన్న లాభాన్ని చెత్తబుట్టలో వేసినట్టే.

చక్కగా చేసిన ఉదాహరణ కావాలంటే స్కాట్లాండ్‌లోని టేసైడ్‌లో జరిగిన హాల్ టెక్నిక్ ట్రయల్ చూడండి. 2007లో అచ్చయింది. పిల్లల పాల దవడ పళ్ళు పుచ్చితే మత్తు ఇంజెక్షన్ లేకుండా, పుచ్చు తీయకుండా, పన్ను అరగదీయకుండా స్టీలు క్యాప్‌ని గ్లాస్ అయానమర్ అనే దంత సిమెంటుతో అంటించెయ్యడమే హాల్ టెక్నిక్. అదే పిల్లాడి ఇంకో పన్నుకి ఆ డాక్టరు రోజూ చేసే ఫిల్లింగే చేశారు. పిల్లలు 132 మంది, పళ్ళు 264. శాంపిల్ సైజ్ 132. రెండేళ్ళకి నొప్పి, చీముగడ్డ లాంటి పెద్ద వైఫల్యాలు హాల్ వైపు 2 శాతం, ఫిల్లింగ్ వైపు 15 శాతం. చేసింది పెద్ద ఆస్పత్రి నిపుణులు కాదు, మామూలు ప్రాక్టీసు డాక్టర్లు. నాకు ఈ పత్రం నచ్చడానికి అది కూడా ఒక కారణం.

ఇక్కడ స్ప్లిట్ మౌత్ ఎందుకు చెల్లింది? ఒక పన్నుకి వేసిన స్టీలు క్యాప్ అవతలి పన్ను పుచ్చుని బాగుచెయ్యదు. ఫ్లోరైడ్ వార్నిష్ సంగతి వేరు, లాలాజలంలో కలిసి అవతలివైపుకీ పోతుంది. క్లోర్‌హెక్సిడిన్ పుక్కిలింతకి స్ప్లిట్ మౌత్ అంటే నవ్వుతారు. ఇంకో ఇబ్బంది, ఒక్క పిల్లాడు మళ్ళీ రాకపోతే రెండు పళ్ళూ ఒకేసారి పోతాయి. ఇలాంటి ట్రయల్స్‌ని ఎలా రాయాలో 2017లో కన్సార్ట్ (ట్రయల్ పత్రాలు ఎలా రాయాలో చెప్పే మార్గదర్శకాలు) వాళ్ళు విడిగా ఒక చెక్‌లిస్ట్ ఇచ్చారు. థీసిస్ మొదలుపెట్టేముందే చదువుకోండి, అయిపోయాక చదివితే టెన్షన్ తప్ప ఏమీ మిగలదు.

నేను వాడే అడ్డదారి చెబుతాను. పత్రంలో సారాంశం వదిలేసి మెథడ్స్‌కి వెళ్తాను. ఎన్ (శాంపిల్ సైజ్‌కి గుర్తు) పక్కన ఏ నామవాచకం ఉందో పెన్సిల్‌తో సున్నా చుడతాను: పేషెంట్లా, పళ్ళా, సైట్లా. తర్వాత టాస్, అంటే ఎవరికి లేదా ఏ పన్నుకి ఏ వైద్యమో తేల్చే చీటీ, ఎన్నిసార్లు వేశారని అడుగుతాను. మన పేస్టు ట్రయల్‌లో 30 సార్లు, హాల్‌లో 132 సార్లు. ఒకే నోట్లో ఒక్కో పన్నుకీ విడివిడిగా టాస్ వేస్తే మాత్రం ఈ చిట్కా తప్పుదోవ పట్టిస్తుంది. పళ్ళు పెద్ద సంఖ్యలో, మనుషులు చిన్న సంఖ్యలో ఉంటే "క్లస్టర్", "మల్టీలెవెల్", "మిక్స్‌డ్ మోడల్", "జీఈఈ" అనే మాటల కోసం వెతుకుతాను, ఇవన్నీ ఒకే నోట్లోని పళ్ళ పోలికను లెక్కలోకి తీసుకున్నారని చెప్పే గుర్తులు. ఒక్కటీ లేకపోతే ఆ పీ విలువల్ని నేను పట్టించుకోను.

"మా గైడ్ గారు పళ్ళ లెక్కే రాయమన్నారు" అని ఇద్దరు పీజీలు రాశారు. పోట్లాడొద్దు. టేబుల్‌లో పళ్ళ సంఖ్య ఉంచండి, పక్కనే మనుషుల సంఖ్య రాయండి, విశ్లేషణ మిక్స్‌డ్ మోడల్‌లో చెయ్యండి. ఏ గైడూ కాదనరు.

అభ్యాసం. కాస్త బరువే, వారం తీసుకోండి. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) వారి క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో, అంటే సీటీఆర్ఐలో, దంతవైద్య ట్రయల్ ఒకటి వెతకండి. ఫలితాలు అచ్చయినదే కావాలి. 2018 ఏప్రిల్ 1 తర్వాత నమోదైనదైతే మంచిది, అప్పటినుంచి ట్రయల్ మొదలవకముందే నమోదు చేస్తేనే అక్కడ తీసుకుంటున్నారు. నమోదులో రాసిన శాంపిల్ సైజ్ మనుషులదా, పళ్ళదా? అచ్చయిన పత్రంలో అదే ఉందా, మధ్యలో మారిందా? మొదట చెప్పిన ప్రైమరీ ఔట్‌కమ్ (ట్రయల్ ముఖ్యంగా కొలవాలనుకున్న ఫలితం) చివరిదాకా నిలిచిందా? ఐసీసీ 0.2, 0.5, 0.8 అనుకుని మూడుసార్లు డిజైన్ ఎఫెక్ట్ కట్టండి. స్ప్లిట్ మౌత్ దొరికితే ఈ సూత్రం పక్కన పెట్టి, వాళ్ళు జతలు కట్టారో లేదో మాత్రం చూసి రాయండి. జవాబులో మనుషులు ఒక గడిలో, పళ్ళు ఇంకో గడిలో ఉండాలి. రెండూ కలిపి పంపితే తిప్పి పంపిస్తాను.