పైథాన్ ప్రాజెక్టు పాఠాలు – 4: ప్యాకేజీ లేకా, సర్వరు అందకా?

పోయిన పాఠంలో వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ (ఒక ప్రాజెక్టుకే విడిగా ఉంచే పైథాన్ చోటు) కట్టుకున్నాం. అందులోకి ప్యాకేజీలు, అంటే ఇతరులు రాసిపెట్టిన కోడ్ మూటలు, రాకుండా మొరాయిస్తే తప్పు ఎక్కడుందో పట్టుకోవడం ఈసారి నేర్చుకుందాం.

విడవలూరు వైపు ఒక రొయ్యల గుంట అనుకోండి. మోటారు షెడ్డులో రాస్ప్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటర్ పెట్టి, నీళ్లలో ఆక్సిజన్ ఎంతుందో ఫోనుకు పంపే ప్రోగ్రాం నడుపుతున్నారు. పట్టుబడి అయ్యాక గుంట ఎండబెట్టి కరెంటు తీసేశారు. రెండు నెలల తర్వాత మళ్లీ పిల్ల వదిలే ముందు ఆన్ చేసి, రిక్వెస్ట్స్ అనే ప్యాకేజీ కోసం ప్యాకేజీలు తెచ్చే పిప్‌తో ‘పిప్ ఇన్‌స్టాల్ రిక్వెస్ట్స్’ కొడితే చివర్లో ఎర్రగా ఒక లైను: ‘నో మ్యాచింగ్ డిస్ట్రిబ్యూషన్ ఫౌండ్’.

ఇక్కడే చాలామంది పైథాన్ పీకేసి మళ్లీ వేస్తారు. వద్దు. ఆ లైను వదిలేసి పైకి చదవండి. దాని పై లైనులో బ్రాకెట్ మధ్య ‘ఫ్రమ్ వెర్షన్స్’ అని ఉంటుంది. దాని పక్కన వెర్షన్ల అంకెలు వరసగా ఉంటే సర్వరు నుంచి జాబితా వచ్చినట్టే, మీరడిగిన వెర్షన్ మాత్రం లేదు. ‘నన్’ (ఏవీ లేవు) అని ఉంటే, ముందు పేరులో అక్షరదోషం ఉందేమో చూసుకుని ఇంకా పైకి వెళ్లండి. అసలు సంగతి మొట్టమొదటి హెచ్చరికలో ఉంటుంది: ‘సర్టిఫికెట్ వెరిఫై ఫెయిల్డ్: సర్టిఫికెట్ ఈజ్ నాట్ యెట్ వ్యాలిడ్’.

సర్టిఫికెట్ అంటే సర్వరు తానెవరో రుజువుగా చూపే పత్రం. అది ఇంకా అమల్లోకే రాలేదని మన రాస్ప్‌బెర్రీ పై అనుకుంటోంది. పై 4లో బ్యాటరీ గడియారం లేదు. ఆగకముందు దాచుకున్న సమయం నుంచే మళ్లీ లెక్క మొదలుపెడుతుంది. నెట్ నుంచి సరైన సమయం తెచ్చే ఎన్‌టీపీ అనే పద్ధతికి యూడీపీ 123 పోర్టు (నెట్‌వర్కులో ఒక ద్వారం) కావాలి. నెట్‌వర్కులో అది మూసి ఉంటే తేదీ రెండు నెలల వెనకే ఉండిపోతుంది. ఈలోపు సర్వరు కొత్త సర్టిఫికెట్ పెట్టుకుంది.

తేదీ, సమయం చూపే ‘టైమ్‌డేట్‌సీటీఎల్’ కమాండు కొట్టండి. ‘సిస్టమ్ క్లాక్ సింక్రనైజ్డ్: నో’ అని, పాత తేదీ కనిపిస్తే దొంగ దొరికాడు. ఫోన్ హాట్‌స్పాట్‌కు మార్చి కాసేపు ఆగండి, లేదా ‘సుడో డేట్’ కమాండుతో తేదీ మీరే పెట్టండి.

నెట్‌లో వెతికితే ‘ట్రస్టెడ్ హోస్ట్’ ఆప్షన్ పెట్టేయమనే సలహా కనిపిస్తుంది. దయచేసి ఆ పని చేయకండి. అది జబ్బు తగ్గించదు, తనిఖీనే ఆపేస్తుంది. సోర్సు ప్యాకేజీలు ఇన్‌స్టాల్ అవుతూనే తమ కోడ్ నడుపుతాయి కాబట్టి, మధ్యలో ఎవరైనా ప్యాకేజీ మార్చేస్తే మీ మిషన్ వాళ్ల చేతిలోకి పోయినట్టే.

ఒంగోలులోనో కావలిలోనో కాలేజీ ల్యాబులో ‘సెల్ఫ్ సైన్డ్ సర్టిఫికెట్ ఇన్ సర్టిఫికెట్ చైన్’ అని వస్తే గడియారం జోలికి పోవద్దు. చాలాసార్లు మధ్యలో ప్రాక్సీ (మనకూ సర్వరుకూ నడుమ ఉండే కంప్యూటర్) ఉండి కనెక్షన్ విప్పి చూస్తోందని అర్థం. ల్యాబు చూసుకునే వారిని ఆ ప్రాక్సీని నమ్మడానికి కావాల్సిన రూట్ సర్టిఫికెట్ ఫైలు అడిగి తీసుకుని, పిప్‌కు ‘సెర్ట్’ ఆప్షన్‌తో ఇవ్వండి.

ప్యాకేజీలన్నీ దిగాక ‘పిప్ చెక్’ నడపండి. ఒకదానికి కావాల్సిన వెర్షన్ ఇంకోదానికి పడకపోతే రెండు పేర్లూ చెబుతుంది. ఆ లైన్లు నోట్సులో రాసి పెట్టుకోండి, అయిదో పాఠంలో వాటినే విప్పుదాం.