డ్రిల్ బిట్ ఇనుములో దిగడం లేదా? ముందు మొన చూడండి

కీచుమంటుంది, పొగ వస్తుంది, దిగదు. చెక్కుకు (కోసినప్పుడు చుట్టలుగా లేచే ఇనుప పొరకు) బదులు పిండిలాంటి పొట్టు రాలుతుంది. సాన పట్టి తెచ్చినా అదే వరస. ఇలాంటప్పుడు ఎక్కువగా తప్పు అంచులో ఉండదు, అంచు వెనక ఉంటుంది. వెనక భాగం అంచుకంటే ఎత్తుగా మిగిలితే అదే ఇనుమును రుద్దుతుంది, అంచు తగలనే తగలదు. బిట్‌ను పక్కనుంచి వెలుతురుకు పట్టి తిప్పి చూడండి: అంచు నుంచి వెనక్కి పోయేకొద్దీ 8 నుంచి 12 డిగ్రీల వాలు ఉండాలి. అంచును రాయికి ఆనించి, బిట్ తోకను మెల్లగా కిందికి దించుతూ పట్టండి. మరీ దించితే అంచు పలచబడి రాలిపోతుంది.

రంధ్రం బిట్‌కంటే పెద్దగా పడుతోందా? చెక్కు ఒక గాడిలోంచే వస్తోందా? రెండు అంచులూ సమానంగా లేవు. ఆరు పలకల నట్లు రెండింటిని చదును పక్కలు కలిపి పెడితే మధ్యలో 120 డిగ్రీల సందు వస్తుంది. మొనను అందులో పెట్టి చూడండి, మామూలు 118 డిగ్రీల మొనకు ఆ కొలత చాలు. అంచుల పొడవు మాత్రం విడిగా స్కేలుతో చూసుకోవాలి.

స్టెయిన్‌లెస్ స్టీల్‌లో కాస్త దిగి ఆగిపోతే, అడుగు అద్దంలా మెరుస్తుంటే, బిట్ కోయకుండా రుద్దడంతో ఆ చోటు గట్టిపడిందన్నమాట. స్పీడు పెంచితే ఇంకా చెడుతుంది. 10 ఎంఎం హెచ్‌ఎస్‌ఎస్ (హై స్పీడ్ స్టీల్) బిట్‌కు మామూలు ఇనుములో, అంటే మైల్డ్ స్టీల్‌లో (ఎంఎస్) 800 ఆర్‌పీఎం దాకా పర్వాలేదు, స్టెయిన్‌లెస్‌లో 300 చాలు. కొత్తగా పదును పెట్టిన బిట్‌తో, కటింగ్ ఆయిల్ వేస్తూ, చెక్కు ఆగకుండా వచ్చేలా గట్టిగా నొక్కండి. బిట్ కొనేటట్టయితే 135 డిగ్రీల మొన ఉన్న ఎం35 కోబాల్ట్ (కోబాల్ట్ కలిపిన హెచ్‌ఎస్‌ఎస్) తీసుకోండి. రోజూ ఎంఎస్ పని చేసేవాళ్లకు ఆ ఖర్చు దండగ.

సాన పడుతుంటే మొన నీలంగా మారిందని టెన్షన్ పడకండి. హెచ్‌ఎస్‌ఎస్ దాదాపు 600 డిగ్రీల సెల్సియస్ దాకా గట్టిదనం పోగొట్టుకోదు. కానీ ఎర్రగా కాలిన బిట్‌ను నీళ్లలో ముంచితే సన్నటి పగుళ్లొస్తాయి. కార్బన్ స్టీల్ బిట్ అయితే నీలం పట్టిన మేర అరగదీసేయాల్సిందే.

ఇత్తడిలో బిట్ ఒక్కసారిగా పట్టేసి లాగేస్తే, అంచు ముందు వైపును చిన్న రాయితో కొద్దిగా చదును చేయండి.

పలచటి రేకులో రంధ్రం మూడు మూలలుగా వస్తే స్టెప్ డ్రిల్ (మెట్లు మెట్లుగా లావయ్యే బిట్) వాడండి. లేదా రేకు కింద చెక్క పెట్టి, రెండూ కలిపి క్లాంపుతో బిగించండి. చేత్తో పట్టుకుంటే రేకు గిర్రున తిరిగి వేళ్లు కోసేస్తుంది. గ్లౌజులు కూడా వద్దు, బిట్‌కు చుట్టుకుంటాయి.