వాక్యం మింగుడు పడకపోతే: అతిశయోక్తిని పట్టుకోవడం ఎలా

సమస్య: చదువుతున్న వచనం జరగని పని చెబుతోంది. లేదా చెయ్యకూడని పని చెయ్యమంటోంది. లేదా బైబిల్లోనే ఇంకో వచనానికి ఎదురు తిరుగుతోంది.

అన్నిటికంటే ముందు పై నాలుగు వచనాలు, కింది నాలుగు వచనాలు చదవండి. అదే మాట మరో సువార్తలో ఉందేమో రెఫరెన్స్ బైబిల్లో చూడండి. ఎంతమందికి ఎన్నిసార్లు చెప్పినా ఒక్క వచనాన్ని విడగొట్టి స్టేటస్‌లో పెట్టుకుని, దాని మీదే నిర్ణయాలు తీసుకునేవాళ్లు కనిపిస్తూనే ఉన్నారు. సగం ప్రశ్నలు అధ్యాయం మొత్తం చదివితే తీరిపోయేవే.

తేలిగ్గా దొరికేవి

కంట్లో దూలం (మత్తయి 7:3), దోమను వడగట్టి ఒంటెను మింగడం (మత్తయి 23:24), కన్నీళ్లలో పరుపు తేలడం (కీర్తన 6:6). వీటి దగ్గర ఎవరూ తడబడరు. కంట్లో దూలం పట్టదని పిల్లలకూ తెలుసు. "ఆకలికి ప్రాణం పోతోందమ్మా" అంటే అమ్మ అన్నం వడ్డిస్తుంది గానీ 108కి ఫోన్ చెయ్యదు కదా.

అసలు మోసం చేసేది

నిజంగా చెయ్యడానికి వీలున్న అతిశయోక్తి. అందులో "వలె" ఉండదు, అసాధ్యమైన బొమ్మ ఉండదు. మామూలు ఆజ్ఞలాగే కనిపిస్తుంది. అందుకే దెబ్బ గట్టిగా తగులుతుంది.

లూకా 14:26 చూడండి. తండ్రిని, తల్లిని, భార్యను, పిల్లలను, తోబుట్టువులను, చివరికి తన ప్రాణాన్ని కూడా "ద్వేషింపకుంటే" శిష్యుడు కానేరడు అంటాడు యేసు. కొత్తగా రక్షణ పొందిన ఒక కుర్రాడు ఈ మాట పట్టుకుని ఇంటికి ఫోన్ చెయ్యడం మానేశాడు. తల్లి ఊరి నుంచి టిఫిన్ క్యారియర్‌తో మందిరం దాకా వస్తే, పలకరించకుండా లోపలికెళ్లి పాటల్లో నిలబడ్డాడు. అతని భక్తిలో లోపం లేదు, చదవడంలో ఉంది.

ఇలాంటి చోట మూడు పరీక్షలు పెట్టండి.

మొదటిది, అదే మాట వేరే చోట ఎలా ఉంది? మత్తయి 10:37లో "తండ్రినైనను తల్లినైనను నాకంటె ఎక్కువగా ప్రేమించువాడు" అని ఉంది. ఇద్దరిలో ఒకరికి పెద్దపీట వేస్తే రెండోవారిని ద్వేషించినట్టు చెప్పడం హెబ్రీయుల మాటతీరు. ఆదికాండము 29లో యాకోబు లేయాకంటే రాహేలును ఎక్కువగా ప్రేమించాడని 30వ వచనం చెబుతుంది. వెంటనే 31లో లేయా "ద్వేషింపబడుట" యెహోవా చూశాడని ఉంటుంది. ఈ రెండు వచనాలూ పక్కపక్కన పెట్టి చూపిస్తే చాలామందికి అక్కడే తేలిపోతుంది.

రెండోది, చెప్పినవాడు ఎలా నడుచుకున్నాడు? కొర్బాను, అంటే దేవునికి అర్పితం, అన్న పేరు చెప్పి తల్లిదండ్రులకు చెయ్యాల్సింది ఎగ్గొట్టేవాళ్లను యేసు గట్టిగా గద్దించాడు (మార్కు 7:9-13). సిలువ మీద ఉండి కూడా తల్లిని శిష్యుడికి అప్పగించాడు (యోహాను 19:26-27). అలాంటివాడు తల్లిని అసహ్యించుకోమంటాడా?

మూడోది, మాటను అక్షరాలా చివరిదాకా లాగి చూడండి. ఆ జాబితాలో భార్య ఉంది, సొంత ప్రాణమూ ఉంది. భార్యలను ప్రేమించమని, తన శరీరాన్ని ద్వేషించినవాడు ఎవడూ లేడని ఎఫెసీ 5 చెబుతుంది. అక్షరాలా తీసుకుంటే ఎక్కడా నిలబడదు.

కన్ను పెరికివేయమన్న మాట (మత్తయి 5:29) కూడా ఈ కోవదే. కుడికన్ను పోయినా ఎడమకన్ను చూస్తూనే ఉంటుంది. చెడు ఆలోచన పుట్టేది హృదయంలో అని మార్కు 7:21లో ఆయనే చెప్పాడు.

పరిష్కారం సగంలో ఆపకండి

అతిశయోక్తి అని తేలగానే "హమ్మయ్య, అయితే ఏం లేదు" అని పేజీ తిప్పేస్తారు. అది ఇంకో జబ్బు. లూకా 14లో ఆ మాట తర్వాత వచ్చేది గోపురం కట్టబోయేవాడు ఖర్చు లెక్క చూసుకోవడం, పదివేలమందితో ఇరవైవేలమంది మీదికి వెళ్లే రాజు ఆలోచించుకోవడం. వెంట వస్తున్న జనసమూహాన్ని ఆయన వెనక్కి తిరిగి అడుగుతున్నాడు: ఇంట్లోవాళ్ల మాటా, నా మాటా ఢీకొన్న రోజున నువ్వెటు? అలంకారం ఆ ప్రశ్నకు పదును పెట్టింది, దాన్ని తీసెయ్యలేదు. ఆ కుర్రాడు అమ్మను ప్రేమగా పలకరించాలి. ఆ ప్రశ్నకు జవాబు కూడా చెప్పుకోవాలి.

ధనవంతుడు దేవుని రాజ్యంలో ప్రవేశించడంకంటే ఒంటె సూదిబెజ్జంలో దూరడం సులభం అన్నాడు యేసు (మార్కు 10:25). ఈ మాటను ఇలా మెత్తబరచడానికి బాగా వాడే కథ "సూదిబెజ్జం" అనే గుమ్మం. యెరూషలేములో ఆ పేరుతో చిన్న గుమ్మం ఉండేదట, ఒంటె మోకాళ్ల మీద దూరేదట. యేసు కాలంలో అలాంటి గుమ్మం ఉందనడానికి ఆధారం లేదు. శిష్యులు "అయితే ఎవడు రక్షణ పొందగలడు" అని అత్యంతముగా ఆశ్చర్యపడ్డారు, ఆయన "ఇది మనుష్యులకు అసాధ్యమే" అన్నాడు (మార్కు 10:26-27). గుమ్మం కథ ఆ అసాధ్యాన్ని కాస్త కష్టమైన పనిగా మార్చేస్తుంది. ప్రసంగంలో వినబడితే, కూడిక అయ్యాక పాస్టరుగారికి మర్యాదగా ఆ రెండు వచనాలు చూపించండి.

అరుదైనవి

అచ్చుతప్పులు, అనువాద దోషాలు చాలా తక్కువ, వెతుకులాట అక్కడ మొదలుపెట్టకండి. కొన్ని ప్రతుల్లో "ఒంటె" బదులు "తాడు" ఉందని ఎవరైనా తెస్తే వాదించక్కర్లేదు. ఓడను కట్టే తాడైనా సూదిబెజ్జంలో దూరదు.