పుట్టకొక్కుల వేట: నెల్లూరు, ప్రకాశం మెట్టల్లో తొలి ఏడాది

ఉదయగిరి, రాపూరు, కనిగిరి, గిద్దలూరు చుట్టుపక్కల ఊళ్లలో వాన వెలిసిన రెండు మూడు రోజులకు తెల్లవారుజామునే పుట్టల వెంట తిరిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. పట్నంలో పెరిగి, ఇప్పుడు సెలవు రోజుల్లో అదే పని సరదాగా చేయాలనుకునేవారికి వాళ్ల కాళ్లూ బుట్టలూ సులభంగానే వస్తాయి గాని, చిన్ననాటి నుంచి సాధించిన ఆ చూపు మాత్రం అంత త్వరగా రాదు. అందువల్ల మొదటి ఏడాది ఒకే ఒక్క రకాన్ని, అంటే చెదపుట్ట మీదనో దాని చుట్టుపక్కల నేల మీదనో లేచే పుట్టకొక్కు అనే తినదగిన పుట్టగొడుగును మాత్రమే నేర్చుకుని, తక్కిన వాటన్నిటినీ కుక్కగొడుగులుగానే లెక్కగట్టి వదిలేయడం మంచిదని నా అభిప్రాయం.

పుట్టకొక్కునే ఎంచుకోవడానికి కారణం దాని రుచి ఒక్కటే కాదు. చెదలు కర్రనూ ఎండుటాకునూ నమిలి తెచ్చి, పుట్ట లోపల తేనెపట్టులాంటి దిబ్బలుగా పేర్చి, వాటి మీద బూజును పెంచుకుని తింటాయి. నేల బాగా తడిసి, గాలిలో చెమ్మ పెరిగినప్పుడు ఆ బూజుతోట నుంచి మొలక బయలుదేరి గట్టి మట్టిని చీల్చుకుంటూ పైకి వస్తుంది. దాని తల నడిమధ్య మొనదేలిన బొడిపె ఉండడానికీ, కాడ అడుగున వేరులాంటి పొడవాటి తోక ఉండడానికీ కారణం ఇదే. ఆ తోక ఒక్కొక్కప్పుడు మూరెడు లోతుకు కూడా పోతుంది. చెదలు లేనిచోట ఈ కొక్కు బతకదు కాబట్టి దీన్ని మామూలు పుట్టగొడుగుల్లా షెడ్లలో పెంచి అమ్మడం కుదరడం లేదు.

మన ప్రాంతంలో వీటికి రెండు అదనులు ఉన్నాయి. మే ఎండల తరువాత మృగశిర, ఆరుద్ర కార్తెల్లో పడే తొలివానలు ఒకటి. నెల్లూరు జిల్లాకు ఏడాది వానలో ఎక్కువ భాగాన్ని తెచ్చే అక్టోబరు, నవంబరు నెలల ఈశాన్య రుతుపవనం రెండోది. ఉరిమితే కొక్కులు పుడతాయంటారు. నిజానికి వాటికి కావలసింది ఉరుము వెంట వచ్చే వాన. ఏ పుట్ట నుంచి ఉసిళ్లు లేచాయో గుర్తుపెట్టుకుంటే అది చెదలు కాపురమున్న పుట్ట అని తెలుస్తుంది. పాడుపడిన పుట్ట చుట్టూ ఎంత తిరిగినా ప్రయోజనం ఉండదు. వేటకు తెల్లవారుజామున, చూపు ఆనగానే బయలుదేరాలి. ఉదయం మొగ్గగా కనిపించినది మధ్యాహ్నానికి గొడుగులా విచ్చుకుంటుంది, మరునాటికి పురుగు పడుతుంది.

పుట్ట అంటే పాము ఉండే చోటు కూడా అన్న సంగతిని ఎవరికీ విడిగా చెప్పనక్కరలేదు గాని, కొక్కు కనబడగానే దాన్ని మరిచిపోవడం మాత్రం సహజం. మోకాళ్ల కిందిదాకా వచ్చే బూట్లు వేసుకుని, గడ్డిని ముందుగా కర్రతో కదిలించి చూసిన తరువాతనే చెయ్యి పెట్టాలి. కన్నాల్లో వేళ్లు పెట్టకూడదు. రెండో అదనులోనే నాగుల చవితి కూడా వస్తుంది కాబట్టి పూజలందుకునే పుట్టల జోలికి పోకపోవడం మర్యాద. గునపంతో పుట్టను తవ్వడం ఎక్కడైనా తప్పే, ఎందుకంటే లోపలి బూజుతోట చెడితే వచ్చే ఏడాది ఆ పుట్ట దగ్గర కొక్కులు ఉండవు.

ఇక గుర్తుపట్టడం. రాపూరు వైపు ఒక యానాది అవ్వ నాకు నేర్పిన మొదటి పాఠం ఇది: "తల చూసి మోసపోబాక నాయనా, అడుగు చూడు." నేను కాడలను పైపైన తుంచి బుట్టలో వేసుకుంటుంటే ఆమె వాటిని పక్కన పడేసి, ఒక కొక్కు చుట్టూ మట్టిని పుల్లతో నెమ్మదిగా తీసి, సన్నబడుతూ కిందికి దిగిన తోకను చివరిదాకా చూపించింది. ప్రతి పుట్ట దగ్గర కనీసం ఒకదాన్ని ఇలా పూర్తిగా తీసి చూసి, తక్కినవాటిని నేల మట్టానికి కత్తితో కోసుకోవాలి. అడుగున తోకకు బదులు పగిలిన గుడ్డు పెంకులాంటి సంచి కనబడితే దాన్ని ముట్టుకోకుండా వదిలేయాలి. కాలేయాన్ని కుళ్లబెట్టే అమానిటా జాతి విషపు గొడుగులకు అలాంటి సంచే ఉంటుంది. వరిగడ్డి వాముల్లో పెరిగే తినదగిన గొడుగుకు కూడా సంచి ఉంటుంది. అయితే లేత దశలో ఈ రెంటినీ వేరుచేయడం అనుభవజ్ఞులకే కష్టం కాబట్టి దానిని సాగుచేసినవారి దగ్గర కొనుక్కోవడమే మేలు. కాడ మీద ఉంగరం ఉందా లేదా అన్నది మాత్రం ఇక్కడ గుర్తుగా పనికిరాదు, ఎందుకంటే పుట్టకొక్కుల్లోనే కొన్నిటికి ఉంటుంది, కొన్నిటికి ఉండదు.

రెండో పరీక్ష ఇంట్లో చేయాలి. విచ్చుకున్న గొడుగు కాడను కోసేసి, తల అడుగున సన్నని రేకుల్లా ఉండే మొప్పలు కిందికి వచ్చేలా సగం తెల్లగా, సగం నల్లగా ఉన్న కాగితం మీద పెట్టి, గిన్నె బోర్లించి రాత్రంతా ఉంచితే గొడుగుకు విత్తనాల్లాంటివైన సిద్ధబీజాల పొడి ముద్రగా రాలుతుంది. పుట్టకొక్కుది లేత గులాబి రంగు. ఒకసారి మా వీధి పచ్చిక మీద లేచిన పెద్ద తెల్లని గొడుగులను చూసి ఇరుగుపొరుగువారంతా కూరకు సిద్ధపడ్డారు. నేను ఒకదాన్ని కాగితం మీద పెట్టి ఉంచితే తెల్లవారేసరికి పాచి రంగు ముద్ర పడింది. అది క్లోరోఫిల్లం మాలిబ్డైటిస్. తిన్న మూడు గంటల లోపే తీవ్రమైన వాంతులు, విరేచనాలు తెప్పించే రకం. లేతగా ఉన్నప్పుడు దాని మొప్పలు కూడా తెల్లగానే ఉంటాయి. అయితే గులాబి ముద్ర పడే విషపు గొడుగులు కూడా ఉన్నాయి కాబట్టి పుట్ట, బొడిపె, తోక, కాడకు అంటని మొప్పలు, ముద్ర అన్నీ కలిస్తేనే అది పుట్టకొక్కు. ఒక్కటి తప్పినా కాదు.

వెండి చెంచా నల్లబడుతుందనీ, వెల్లుల్లి రంగు మారుతుందనీ, పురుగు తిన్నదాన్ని మనిషి తినవచ్చుననీ చెప్పే పరీక్షలు ఏవీ నిలబడవు. అమానిటా విషం ఉడికించినా పోదు. పైగా దాని లక్షణాలు తిన్న ఆరు గంటల తరువాతే, తరచు ఇంకా ఆలస్యంగా మొదలై, నడుమ ఒక రోజు తగ్గినట్టే కనబడి, ఆపైన కాలేయాన్ని దెబ్బతీస్తాయి. ఆలస్యంగా మొదలైన వాంతులను అందుకే తేలికగా తీసుకోకుండా 108కి ఫోన్ చేసి, మిగిలిన గొడుగునూ కూరనూ వెంటబెట్టుకుని పెద్దాసుపత్రికి పోవాలి.

ఎక్కడ ఏరకూడదో కూడా తెలియాలి. పుట్టగొడుగులు నేలలోని లోహాలను పీల్చుకుంటాయి కాబట్టి రహదారి అంచులు, చెత్తదిబ్బలు, మందులు కొట్టిన పొగాకు, మిరప చేల గట్లు పనికిరావు. పెంచలకోన అభయారణ్యంలోనూ, నల్లమల పులుల అభయారణ్యంలోనూ అనుమతి లేకుండా అడుగుపెట్టడం నేరం. సొంత పొలమో, అడిగి వెళ్లిన తెలిసినవారి బీడో సరిపోతుంది.

వెదురు బుట్టలో గాలి ఆడేలా తెచ్చుకోవాలి. ప్లాస్టిక్ సంచిలో చెమటపట్టి గంటల్లోనే చెడిపోతాయి. మట్టి తోకను కోసేసి, నీళ్లలో నానబెట్టకుండా రెండు మూడుసార్లు కడిగి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కాస్త మిరియాల పొడితో ఇగురు పెట్టి, కనీసం ఇరవై నిమిషాలు ఉడకనివ్వాలి. మొదటిసారి తినేవారు రెండు ముద్దలతో ఆపి, ఆ పూట మద్యం ముట్టకుండా ఉండాలి, పిల్లలకు పెట్టకూడదు. వండనివి రెండింటిని కాగితంలో చుట్టి ఫ్రిజ్‌లో రెండు రోజులు దాచిపెట్టి, ఎవరికీ ఏమీ కాలేదని తేలాకే పారేయాలి. ఆలోగా పుట్ట ఉన్న చోటు, కార్తె, వాన పడిన రోజు, ముద్ర రంగు ఒక నోటుపుస్తకంలో రాసుకుంటే వచ్చే ఏడాది తిన్నగా ఆ పుట్ట దగ్గరికే పోవచ్చు.