సీక్వెల్ బాగుందో లేదో తేల్చడం ఎలా: మాస్ ఎఫెక్ట్ 2 సంగతి

సైన్స్ ఫిక్షన్ ఆర్పీజీకి (ఒక పాత్రగా మారి నిర్ణయాలు తీసుకుంటూ ఆడే వీడియో గేమ్‌కి) సీక్వెల్ వస్తే గ్రాఫిక్స్ సంగతి తర్వాత చూద్దురుగాని, ముందు మన పాత నిర్ణయాలకి అది ఎంత విలువిచ్చిందో చూడండి. 2010లో వచ్చిన మాస్ ఎఫెక్ట్ 2నే తీసుకోండి. 2007 నాటి మొదటి భాగంలో మన ఆటని దాచుకున్న సేవ్ ఫైల్‌ని అందులోకి తెచ్చుకోవచ్చు. మొదటి భాగంలో విర్మైర్ గ్రహం మీద రెక్స్ అనే సహచరుణ్ణి బతకనిచ్చి ఉంటే, ఇందులో అతని సొంత గ్రహం టుచాంకాలో అతనే ఉర్డ్‌నాట్ తెగ నాయకుడిగా ఎదురొచ్చి మనం ఆడే పాత్ర షెపర్డ్‌ని ఆప్యాయంగా పలకరిస్తాడు, లేదంటే అతని స్థానంలో రీవ్ అనే మరొకడు ఉంటాడు. రెండు రకాల సేవ్‌లతోనూ ఆడి పోల్చి చూడండి, ఈ తేడా అప్పుడే మనసుకి తగులుతుంది.

తర్వాత ఏం తీసేశారు, బదులుగా ఏం పెట్టారు అన్నది. గ్రహాల మీద నడిపే మాకో బండి పోయి, ఖనిజాల కోసం గ్రహాల స్కానింగ్ వచ్చింది, అది నిజంగా బోర్. ఇన్వెంటరీ (వెంట ఉన్న ఆయుధాలు, సామాన్లు సర్దుకునే) గోల తగ్గింది, కాల్పులు మాత్రం బాగా పదునెక్కాయి.

చివరి మిషన్ ఆడకుండా మాత్రం తీర్పు చెప్పొద్దు. సహచరుల లాయల్టీ మిషన్లు (వాళ్ల సొంత పని తీర్చి నమ్మకం సంపాదించేవి), షిప్ అప్‌గ్రేడ్‌లు, ఎవరికి ఏ పని అప్పగించాం అన్నదాన్ని బట్టే అక్కడ ఎవరు బతుకుతారో తేలుతుంది. ఆ మిషన్‌లో వెంట్‌లోకి (ఇరుకు గొట్టంలోకి) టెక్ తెలియనివాళ్లని పంపితే ప్రాణాలతో బయటపడరు. ఈ చివరి మిషన్‌కి ముందే విడిగా ఒక సేవ్ పెట్టుకుని, మనుషుల్ని మార్చి మళ్లీ ఆడండి.